గొలుసుపాము తిండి జాడలో అయిదు రోజులు

అట్లాంటా శివార్లలో మేముండే ఇంటి వెనుక చిన్న వాగు ఒకటి పారుతుంది. పదకొండేళ్ల క్రితం ఒక ఏప్రిల్ ఉదయం ఆ వాగు గట్టు మీద, నల్లగా నిగనిగలాడుతూ ఒంటి పొడవునా తెల్లని గొలుసు చుట్టుకున్నట్టున్న పాము కనిపించినప్పుడు, అనకాపల్లి దగ్గరి పల్లెలో కట్లపాము భయంతో పెరిగినవాణ్ని కావడంతో నేను చెప్పులు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను. అది కట్లపాము కాదనీ, విషమన్నదే లేని తూర్పు కింగ్‌స్నేక్ అనీ, ఇక్కడి పల్లె జనం దాన్ని గొలుసుపాము అంటారనీ తర్వాత తెలిసింది. మన తూర్పు కనుమల్లోని రాచనాగుకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. రాచనాగు విషసర్పం, కట్లపాము కుటుంబానిది. ఇది జెర్రిపోతు వైపుది. అయినా రెండింటికీ రాజు పేరు ఒకే కారణంగా వచ్చింది: రెండూ తోటి పాములను మింగుతాయి.

ఆనాటి నుంచి కనబడిన ప్రతి కింగ్‌స్నేక్ వివరాన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ వసంతానికి లెక్క ఇరవై మూడుకు చేరింది కానీ, వాటిలో అతి పెద్దది 4 అడుగుల 2 అంగుళాలు దాటలేదు. ఈ జాతి మామూలుగా 3 నుంచి 4 అడుగుల వరకు పెరుగుతుంది. నమోదైన గరిష్ఠ పొడవు 82 అంగుళాలు, అంటే ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. అయిదడుగులు దాటినదాన్ని ఒక్కసారైనా అడవిలో చూడాలన్నది నా చిరకాల కోరిక. పుస్తకం తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇళ్ల మధ్యా, ఎండు గుట్టల మీదా కనిపించినవన్నీ సన్నగా, పొట్టిగా ఉన్నాయి. కాస్త బారైనవన్నీ నీటి ఒడ్డున దొరికినవే. పాములు ఈడు వచ్చాక కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, పెద్ద పాము అంటే చాలాకాలం బతికినది, ఆ కాలమంతా కడుపునిండా తిన్నది అని అర్థం. అందుచేత పాములు ఎక్కడున్నాయన్న ప్రశ్నను పక్కన పెట్టి, వాటి తిండి ఎక్కడ పుష్కలంగా ఉందన్న లెక్కతో మే మొదటి వారంలో దక్షిణానికి బయలుదేరాను. ఏ పామునూ పట్టుకోకూడదు, తాకకూడదు, చూసి కొలిచి రావాలి అన్నది నాకు నేను పెట్టుకున్న నియమం.

మొదటి రోజు: అట్లాంటా నుంచి ఫోక్‌స్టన్

తెల్లవారకముందే 75వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి ఎక్కి, టిఫ్టన్ దగ్గర తూర్పుకు తిరిగి, వేక్రాస్ మీదుగా ఫోక్‌స్టన్ చేరేసరికి దాదాపు అయిదు గంటలు పట్టింది. దారి పొడవునా పైన్ చెట్లు వరుస తీరి ఉన్నాయి కానీ, అవన్నీ కలప కోసం నాటిన తోటలు. ఒకప్పుడు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో సుమారు 9 కోట్ల ఎకరాల్లో పరచుకున్న పొడవాకు పైన్ అడవిలో ఇప్పుడు నూటికి అయిదు వంతులు కూడా మిగల్లేదు. ఆ అడవిలో చెట్లు దూరదూరంగా ఉంటాయి, కింద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, ఇసుక నేలలో గోఫర్ అనే నేల తాబేళ్లు పొడవైన బొరియలు తవ్వుతాయి. ఎలుకలు, కప్పలు, పాములు కలిపి 350కి పైగా రకాల జీవులు ఆ బొరియల్లో తలదాచుకుంటాయి. కింగ్‌స్నేక్‌కు అలాంటి బొరియ పడకగదీ అవుతుంది, వంటశాలా అవుతుంది.

నాతో పనిచేసే ఒకాయన మామగారికి ఫోక్‌స్టన్ సమీపంలో అలాంటి పాత అడవి కొంత మిగిలి ఉంది. ఎనభై దాటిన ఆ పెద్దాయన పూర్వం కూలిన కొట్టాం రేకులను పొలంలో అక్కడక్కడా అలాగే వదిలేశాడు. ఉదయపు ఎండకు రేకు వేడెక్కుతుంది, దాని కింద నేల తడిగా ఉంటుంది. పాముకు ఈ రెండూ కావాలి. రేకు ఎత్తేటప్పుడు అవతలి అంచును కొక్కెంతో పట్టి మన వైపుకు లేపాలి. అప్పుడు రేకు మనకూ పాముకూ నడుమ తలుపులా నిలుస్తుంది. చూసిన తర్వాత దాన్ని ఉన్నచోటనే, ఉన్నట్టుగానే దించాలి; అలా చేయనివాళ్ల వల్ల రేకు కింది తడి ఆరిపోయి, మళ్లీ ఏళ్ల తరబడి అక్కడికి ఏ పామూ రాదు. జార్జియా రాష్ట్రంలో విషం లేని స్థానిక పాములను చంపడం, అనుమతి లేకుండా ఉంచుకోవడం చట్టరీత్యా నేరం కూడా.

మొదటి మూడు రేకుల కింద గోదురు కప్పలు, ఒక ఎర్రని కార్న్‌స్నేక్ ఉన్నాయి. నాలుగో దాని కింద గొలుసుపాము చుట్ట చుట్టుకుని ఉంది. కుబుసం విడిచే దశలో ఉన్నందువల్ల కళ్లు పాలు కలిపిన నీళ్లలా మసకబారి, నల్లని ఒళ్లు బూడిద పూసినట్టు వెలిసిపోయింది. తోకను ఎండుటాకుల మీద టపటపా కొట్టింది. నేను ఫొటో తీసి రేకు దించేశాను. చుట్ట కొలతను బట్టి మూడడుగుల పైచిలుకు ఉంటుంది, కొత్తదేమీ కాదు.

వరండాలో టీ ఇస్తూ పెద్దాయన ఒక కుబుసం తెచ్చి నా ముందు పరిచాడు. "ఇది గొలుసుపాముదే, ఆరడుగులుంది," అని ఆయన అన్నప్పుడు నా గుండె ఒక్క క్షణం వేగంగా కొట్టుకున్న మాట నిజం. కుబుసం లోపలి వైపు బయటికి తిరగబడుతూ సాగిపోతుంది కనుక, అది ఎప్పుడూ పాము కంటే పొడవుగానే ఉంటుంది. ఆ లెక్క తీసేసినా అయిదడుగులు దాటేలా ఉంది. కళ్లద్దాలు సవరించుకుని వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాను. నడుం మీది పొలుసుల మధ్యలో సన్నని గీతలా ఉబ్బు కనిపించింది. కింగ్‌స్నేక్ పొలుసులు అద్దంలా నున్నగా ఉంటాయి. దాని ప్రజాతి పేరైన లాంప్రోపెల్టిస్‌కు గ్రీకులో మెరిసే డాలు అనే అర్థం ఉంది. ఇక తోక మొదట్లో మలద్వారాన్ని కప్పే పొలుసు కింగ్‌స్నేక్‌కు ఒక్కటే ఉంటుంది; దీనికి రెండుగా చీలి ఉంది. అది ర్యాట్‌స్నేక్ కుబుసం. ఆ జాతిలో అయిదడుగులు విశేషమేమీ కాదు. ఆ మాట పెద్దాయనకు చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి చెప్పాను. ఆయన కుబుసాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "మా నాన్న చూసినవి మాత్రం ఆరడుగులవే," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆయన ఈ పాములను కాపాడుకోవడానికి కారణం గిలక్కాయల పాము. కింగ్‌స్నేక్ రక్తంలోని కొన్ని ప్రొటీన్లు గిలక్కాయల పాము, కాపర్‌హెడ్, కాటన్‌మౌత్ వంటి గుంట పింజరుల విషాన్ని చాలావరకు నిర్వీర్యం చేస్తాయి. ఆ పాములకు ఈ సంగతి ఏదో విధంగా తెలిసినట్టే ఉంటుంది: మనిషి మీదికి బుస కొట్టి లేచే గిలక్కాయల పాము, కింగ్‌స్నేక్ వాసన తగలగానే తలను నేలకు అదిమి, నడుమును విల్లులా పైకి ఎత్తి, దానితో శత్రువును కొట్టి తోసేయడానికి చూస్తుంది. కాటు ఇక్కడ పనికిరాదు కాబట్టి దేహాన్నే కర్రగా వాడుకుంటుంది.

రెండవ రోజు: ఓకఫనోకీ

ఓకఫనోకీ చిత్తడి అడవి 4 లక్షల ఎకరాలకు పైబడి విస్తరించి ఉంది. 1890లలో ఒక కంపెనీ ఈ నీటినంతా తోడేసి పొలాలు చేద్దామని సువానీ కాలువ తవ్వడం మొదలుపెట్టి, డబ్బు అయిపోయి చేతులెత్తేసింది. 1937లో ఇది జాతీయ వన్యప్రాణి శరణాలయం అయింది. ఆ కాలువ పక్కనే ఉన్న తూర్పు ద్వారం గుండా లోపలికి వెళితే, చెసర్ దీవి వైపు కార్లు వెళ్లగలిగే రోడ్డు ఒకటి ఉంది. రోడ్డు గట్టంతా వదులు ఇసుక. అవతల నల్లని నీళ్లు. మే నెలలో ఈ గట్టు మీదికి నీటి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. నేను వచ్చింది వాటి కోసమే.

పది గంటలు కావస్తుండగా, ఒక పసుపు పొట్ట స్లైడర్ తాబేలు గుడ్లు పెట్టి పూడ్చిపోయిన చోటు కనిపించింది. ఈ తాబేలు వెనుక కాళ్లతో గొయ్యి తవ్వుతూ, నేల గట్టిగా ఉంటే తన ఒంట్లోని నీటినే వదిలి తడుపుతుంది. మా ఊళ్లో కుండల మట్టి మీద అరచేయి పెట్టి నునుపు చేసినట్టుగా ఆ ఇసుక పైభాగం చదునుగా ఉంది. నాకు కనిపించిందంటే ఇంకొకరికి కనిపించకపోదని, ఇరవై అడుగుల దూరంలో కారు ఆపి అద్దం దించి కూర్చున్నాను. గుడ్లు తవ్వుకు తినే రకూన్ అనే జంతువు వస్తుందని ఊహించాను. గంటన్నర తర్వాత గడ్డిలోంచి వచ్చింది గొలుసుపాము.

దానికి తొందర లేదు. నాలుకతో ఇసుకను తడుముతూ ఒకసారి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, సరిగ్గా ఆ చదునైన చోట ముక్కు గుచ్చింది. తల, ఆ వెనుక జానెడు మెడ ఇసుకలోకి పోయాయి. మెడలో కండరాలు అటూ ఇటూ కదలడం బైనాక్యులర్స్‌లో స్పష్టంగా కనిపించింది. పాము తలనే పారగా చేసుకుని ఇసుకను పక్కలకు నెట్టుతోంది. కాసేపటికి తల బయటికి వచ్చింది. నోట్లో కోలగా, తెల్లగా, ఉసిరికాయ కంటే కాస్త పొడవైన గుడ్డు ఉంది. ఈ తాబేలు గుడ్డుకు కోడిగుడ్డులా పెళుసు పెంకు ఉండదు, తోలులా ఒత్తితే సొట్టపడుతుంది. పాము దాన్ని పగలగొట్టే ప్రయత్నమే చేయలేదు. దవడలు చాచి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి పళ్లను ముందుకు జరుపుతూ మింగింది. గొంతులో ఉబ్బు మెల్లగా కిందికి జారింది. తలను ఇసుకకు రుద్దుకుని మళ్లీ గోతిలో దూరింది. నలభై నిమిషాల్లో అయిదు గుడ్లు లెక్కపెట్టాను; ఆరోది ఉందో లేదో చూడకుండానే, ఒక కారు వచ్చి హారన్ కొట్టడంతో అది రోడ్డు దాటి అవతలి గడ్డిలోకి పోయింది.

రోడ్డు దాటేటప్పుడు అది దాదాపు తిన్నగా సాగింది. ఒక క్షణంలో తీసిన ఫొటోలో తల ఒక తారు అతుకు మీద, తోక కొన ఒక ఎండిన పైన్ కాయ పక్కన ఉన్నాయి. పాము పోయాక టేపుతో ఆ రెండింటి మధ్య దూరం కొలిస్తే 4 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. పదకొండేళ్ల నా రికార్డు చెరిగిపోయింది. ఎలుక తప్పించుకుంటుంది, పాము ఎదురు తిరుగుతుంది. గుడ్డు మాత్రం పెట్టినచోటే ఉంటుంది. ఆ నాలుగైదు వారాలు నీటి ఒడ్డున ఉన్న కింగ్‌స్నేక్ పెళ్లిభోజనం దొరికిన మనిషిలా బలుస్తుందని నా నోటుపుస్తకంలో అప్పటిదాకా ఉన్న ఊహకు ఆ రోజు ఒక సాక్ష్యం దొరికింది.

మూడవ రోజు: పేన్స్ ప్రెయిరీ

ఉదయం ఫ్లారిడాలోకి దిగి, గెయిన్స్‌విల్‌లో వ్యవసాయశాస్త్రం చదువుతున్న మా పిన్ని కొడుకును వెంటబెట్టుకున్నాను. వాడికి పురుగుల మీద ఉన్న ఆసక్తి పాముల మీద లేదు కానీ, అన్నయ్య వచ్చాడు కదా అని రెండు రోజులు సెలవు పెట్టుకున్నాడు.

ఊరి దక్షిణాన ఉన్న పేన్స్ ప్రెయిరీ 21,000 ఎకరాల పల్లపు గడ్డిమైదానం. 1774లో ప్రకృతి పరిశీలకుడు విలియం బార్ట్రమ్ ఇక్కడ తిరిగాడు. తిండి లెక్కన చూస్తే కింగ్‌స్నేక్‌కు ఇంతకు మించిన చోటు ఉండకూడదు: కప్పలు, నీటిపాములు, తాబేళ్లు, ఎలుకలు అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు ఈ పాము ఇక్కడ తరచుగా కనిపించేదని పాత క్షేత్ర నమోదులు చెబుతాయి. మేము ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా నడిచాం. పట్టీల నీటిపాములు నాలుగు, రిబ్బన్‌స్నేక్ ఒకటి, లెక్కకు మించిన మొసళ్లు. కింగ్‌స్నేక్ ఒక్కటీ లేదు. ఒక్క రోజు నడకతో లేదని తేల్చకూడదు. కానీ ఇది నా ఒక్కడి అనుభవం కాదు.

మైదానాన్ని 441వ నంబరు రహదారి రెండు ముక్కలు చేస్తుంది. 1998-99లో ఒక్క సంవత్సరంలోనే పరిశోధకులు ఈ చిన్న రోడ్డు ముక్క మీద 2,411 జంతువుల కళేబరాలు లెక్కపెట్టారు. వాటిలో అధికభాగం కప్పలు, పాములు, తాబేళ్లే. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా మూడున్నర అడుగుల గోడ కట్టి, పైఅంచును బయటికి చూరులా వంచి, కిందుగా తూములు వేశారు. గోడ కట్టిన తర్వాతి ఏడాది, గోడలెక్కగలిగే చెట్టుకప్పలను మినహాయిస్తే, లెక్క 158కి పడిపోయింది. గోడకు చేయి ఆనించి నిలబడి, "ఇంత మంచి గోడ కట్టాక కూడా పాము తిరిగి రాలేదా అన్నయ్యా?" అని మావాడు అడిగాడు.

గోడ రోడ్డును మాత్రమే ఆపగలదు. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన నిప్పుచీమలు నేలలోని గుడ్లనూ పిల్లలనూ కొరికి తినేస్తాయి. బర్మా కొండచిలువలతోబాటు ఫ్లారిడాకు చేరిన ఒక ఊపిరితిత్తుల పరాన్నజీవి స్థానిక పాముల్లోకి పాకి ఉత్తరానికి విస్తరిస్తోంది. కప్పలనూ బల్లులనూ తిన్న పాముకు అది అంటుకుంటుంది. సౌత్ కరొలైనాలో మామూలు జనానికి ప్రవేశం లేని సావన్నా నది సంరక్షిత స్థలంలో కూడా కింగ్‌స్నేక్‌లు తరిగిపోయాయని 2007లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. తిండి ఉన్నంత మాత్రాన పాము ఉండదని ఆ సాయంత్రం నా లెక్కకు ఒక సవరణ రాసుకోవలసి వచ్చింది.

రాత్రి మావాడి గదిలో పప్పుచారు తింటూ, ఇందుకు సరిగ్గా తలకిందులైన కథ ఒకటి చెప్పాను. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో పుట్టుకతో పాములే లేవు. పెంపుడు జంతువులుగా తెచ్చిన కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు తప్పించుకుని, 1998 నుంచి అక్కడి అడవిలో కనబడసాగాయి. పామంటే ఏమిటో తెలియని పెద్ద బల్లులు ఆ దీవి నిండా ఉన్నాయి. 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పాములు చేరిన చోట్ల ఆ పెద్ద బల్లులు నూటికి తొంభైకి పైగా, నలికిరులు ఎనభైకి పైగా, గోడబల్లులు సగానికి పైగా తగ్గిపోయాయి. సొంత ఊళ్లో కనుమరుగవుతున్న వంశం, పరాయి దీవిలో ఊరంతా ఊడ్చి తింటోంది.

నాలుగవ రోజు: ఓకిచోబీ సరస్సు

ఇది ఎక్కువ భాగం ప్రయాణంలోనే గడిచింది. ఒర్లాండో దాటి, ఓకిచోబీ సరస్సు తూర్పు గట్టు వెంట పహోకీ మీదుగా బెల్ గ్లేడ్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. 1928 తుపానులో ఈ సరస్సు పొంగి కనీసం 2,500 మంది చనిపోయాక, చుట్టూ 143 మైళ్ల మట్టికట్ట కట్టారు. రోడ్డు మీద నుంచి నీళ్లు కనబడవు; ఒక పక్క ఆ కట్ట, మరో పక్క చూపు ఆనినంత మేర చెరకు.

కారు దిగగానే నాకు ఊరు గుర్తొచ్చింది. నరికిన తోటలో పిలకలు లేచిన వాసన అనకాపల్లిలోనూ ఇదే, ఇక్కడా ఇదే. మేము కార్శి అనేది ఇదేనని మావాడికి చూపిస్తే, గుంటూరు మిరప తోటల మధ్య పెరిగిన వాడికి ఆ మాటే తెలియదు. ఇక్కడ అక్టోబరు నుంచి వసంతం దాకా తోటలకు నిప్పుపెట్టి ఆకు కాల్చి, యంత్రాలతో నరుకుతారు. మంటకు బయటికి దూకే కుందేళ్లను తరిమి పట్టుకుంటూ పెరిగిన ఇక్కడి కుర్రవాళ్లలో చాలామంది పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లయ్యారు. మా చిన్నప్పుడు చెరకు నరుకుతుంటే ఆఖరి నాలుగు సాళ్లలోంచి పందికొక్కులు దూకేవి, వాటి వెనుక జెర్రిపోతు వచ్చేది. ఇక్కడ ఆ పందికొక్కు స్థానంలో పత్తి ఎలుక, వరి ఎలుక ఉన్నాయి. వాటిని అదుపు చేయడానికి రైతులు పొలాల మధ్య స్తంభాల మీద గుడ్లగూబలకు చెక్కపెట్టెలు పెట్టారు. జెర్రిపోతు స్థానంలో ఉండవలసినది ఫ్లారిడా కింగ్‌స్నేక్. నలుపు తగ్గి, ప్రతి పొలుసు మీదా పసుపు చుక్క పెట్టినట్టు ఉంటుంది.

నేలలో మరో విశేషం ఉంది. ఇది కుళ్లిన గడ్డితో ఏర్పడిన నల్లమట్టి. నీరు తీసేసిన నాటి నుంచి గాలి తగిలి ఆవిరైపోతున్నట్టుగా తరిగిపోతోంది. బెల్ గ్లేడ్ పరిశోధనా కేంద్రంలో 1924లో తొమ్మిదడుగుల కాంక్రీటు స్తంభాన్ని రాతి పొర దాకా దింపి, పైభాగం నేలకు సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడు అది అయిదడుగులకు పైగా బయటపడి ఉంది. ఆ మట్టి కింద సున్నపురాయి ఉంటుంది. కాలువలు తవ్వినప్పుడు పెకలించిన రాళ్లను గట్ల మీదనే పోశారు. ఒక పక్క నీళ్లు, వాటిలో నీటిపాములు, తాబేళ్లు. మరో పక్క చెరకు, దానిలో ఎలుకలు. నడుమ దాక్కోవడానికి రాతి సందులు. ఎండ తీవ్రంగా ఉండడంతో ఆ సాయంత్రం రాళ్ల మధ్య ఒక కుబుసం తప్ప ఏమీ దొరకలేదు. ఈసారి పొలుసులు నున్నగా ఉన్నాయి. తోక దగ్గర పొలుసు ఒక్కటే ఉంది. చిరిగిపోయిన ముక్క కనుక పొడవు తెలియలేదు కానీ, నడుం దగ్గర వెడల్పు నా అరచేతి కంటే ఎక్కువగా ఉంది. మావాడు దాన్ని తన పురుగుల పెట్టెలో జాగ్రత్తగా పెట్టుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది.

అయిదవ రోజు: కాలువ గట్టు

ఆరున్నరకే గట్టు మీదికి చేరాం. ప్రజలకు అనుమతి ఉన్న దారి అది. రాత్రి చిన్న వాన పడింది. రాళ్లు తడిసి, గాలి చల్లగా ఉంది. ఏడుంపావుకు మావాడు నా మోచేయి పట్టుకుని, "అన్నయ్యా, ఆగు, కదలకు," అన్నాడు. పది గజాల దూరంలో, కాలువ తూము కాంక్రీటు అంచు పక్కన, తాళ్లు ముడిపడినట్టు ఏదో ఉంది. ముందు రెండు పాములు పెనవేసుకున్నాయనుకున్నాను. తర్వాత చూస్తే ఒకటి మాత్రమే కదులుతోంది.

మూడడుగుల పట్టీల నీటిపామును కింగ్‌స్నేక్ చుట్టేసింది. చుట్టలు ఒకదాని పక్కన ఒకటి, గడియారం స్ప్రింగులా క్రమంగా ఉన్నాయి. ఈ చుట్టే పద్ధతి మీద లూసియానా విశ్వవిద్యాలయానికి చెందిన పెన్నింగ్, మూన్ అనే పరిశోధకులు 2017లో వెలువరించిన పత్రం నాకు జ్ఞాపకం వచ్చింది: అంతే పరిమాణమున్న ర్యాట్‌స్నేక్ కంటే కింగ్‌స్నేక్‌కు కండ ఎక్కువేమీ ఉండదు, అయినా దాని పట్టు వల్ల పడే ఒత్తిడి గణనీయంగా ఎక్కువ. రహస్యం కండలో కాక చుట్టిన తీరులోనే ఉండవచ్చని వారు రాశారు. నీటిపాము భయంతో విడిచిన దుర్వాసన మా దాకా వచ్చింది. దాని తోక కొన రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

అప్పటికీ కింగ్‌స్నేక్ పట్టు వదల్లేదు. చాలాసేపటికి ఒక్కొక్క చుట్టే సడలించి, చచ్చిన పాము పొడవునా ముక్కుతో తడుముతూ తల వెతుక్కుంది. తల నుంచే మింగాలి. అప్పుడు పొలుసులు వాలు దిశలో సాఫీగా జారతాయి. నోటిలోకి తీసుకున్నాక, దాని పై దవడ పళ్లు ఒక వైపు ముందుకు నడుస్తాయి, మరో వైపు పట్టుకుని ఉంటాయి. చూస్తుంటే పాము ఆహారాన్ని లోపలికి లాక్కుంటున్నట్టు కాక, తానే దాని మీదికి నడిచి ఎక్కుతున్నట్టు అనిపించింది. నోటి అడుగున శ్వాసనాళం మొన గొట్టంలా ముందుకు పొడుచుకు వచ్చింది. నోరు నిండినా ఊపిరి ఆడేది దాని వల్లనే. సగం దాకా వెళ్లాక ఆగింది. మెడను ఎస్ ఆకారంలో మడిచి, మింగినదాన్ని వెనక్కి నెట్టింది. అప్పుడు పక్కటెముకల మీద చర్మం సాగి, పొలుసుల మధ్య లేత రంగు తోలు గీతలుగా కనిపించింది. ఆ తర్వాత దాని ఒంటి మీద, ఒడ్డున అలల్లా మెలికలు తేలాయి. తనంత బారున్న, ఒక్కోసారి తన కంటే బారైన పామును సైతం కింగ్‌స్నేక్ కడుపులో పెట్టుకోగలగడానికి ఈ మెలికలే ఆధారం. 2004లో జాక్సన్, క్లే, బ్రెయినర్డ్ అనే శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లకు ఎక్స్‌రే తీసి, మింగబడిన పాము వెన్నెముక లోపల హార్మోనియం తిత్తి మడతల్లా వంకర్లు తిరిగి పొట్టి అవుతుందని చూపారు.

యాభై నిమిషాలకు నీటిపాము తోక కొన కూడా మాయమైంది. కింగ్‌స్నేక్ రెండుసార్లు నోరు బార్లా తెరిచి, తప్పిన దవడలను సర్దుకున్నట్టు కదిపి మూసింది. నాలుక బయటికి వచ్చింది. మేము అక్కడున్నామని అప్పుడే తెలుసుకుందో, ముందే తెలిసీ పట్టించుకోలేదో గాని, కాంక్రీటు అంచును ఆనుకుని తిన్నగా సాగిపోయింది. ఎండ దాని మీద ఏటవాలుగా పడుతోంది. పసుపు చుక్కల మధ్య సన్నని పట్టీలు ఒకటొకటిగా కదిలి వెళుతున్నాయి. నడుం వద్ద నా మణికట్టంత లావు. మావాడు ఫోనుతో, నేను కెమెరాతో వరుసగా ఫొటోలు తీశాం. తల రాతి సందులోకి దూరాక తోక లోపలికి పోవడానికి పట్టిన సమయం చూసి, నేను ఊపిరి బిగబట్టానన్న సంగతి తర్వాత తెలిసింది.

అంచు కాంక్రీటుకు ఒకచోట అతుకు ఉంది, మరోచోట తుప్పు పట్టిన ఇనుప మేకు పొడుచుకు వచ్చి ఉంది. నా ఫొటోలో పాము తల అతుకు దగ్గర, తోక మేకు దాటి కొంచెం ఇవతల ఉన్నాయి. వాటి నడిమి దూరాన్ని టేపుతో మూడుసార్లు కొలిచాం. తోక కొన నుంచి మేకు దాకా ఉన్న ఆ కాస్త భాగాన్ని ఫొటోలోనే అంచనా వేయాలి. పాము కడుపునిండా తిన్నది కనుక తిన్నగా సాగినా ఒళ్లు రెండుచోట్ల వంగే ఉంది. ఆ వంపుల లెక్క కూడా కలపాలి.

తిరుగు దారిలో కిసిమీ దగ్గర పెట్రోలు పోయించుకుంటూ, కారు బానెట్ మీద ఫోనూ కెమెరా పక్కపక్కన పెట్టి లెక్క వేశాం. వంపుల వెంట దారం పరిచి కొలిస్తే నాకు 5 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. మావాడు పురుగులను కొలిచే అలవాటుతో తెర మీద చుక్కలు పెట్టి లెక్కగట్టి, 5 అడుగుల 3 అంగుళాలన్నాడు. పెద్దాయన వరండాలోని కుబుసం నాకు గుర్తొచ్చింది. రెండుసార్లు వాదించి, నోటుపుస్తకంలో ఇరవై ఆరో పాము ఎదురుగా 5 అడుగుల 3 అంగుళాలు అనే రాసుకున్నాను.